సరిహద్దు జిల్లాల్లో పరిశోధన చేసేవాళ్లు మ్యాపింగ్ ఎలా నేర్చుకోవాలి

ఒడిశా గజపతి జిల్లా కాశీనగర్ బ్లాకులోని ఒక ఊరి నుంచి దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఎంత దూరం? ఒడిశా డేటా ఒక్కటే పెట్టుకుని లెక్కేస్తే ఒక జవాబు వస్తుంది. వంశధార నది అవతల ఆంధ్రలో భామిని, కొత్తూరు వైపు ఉన్న ఆసుపత్రులను కూడా కలిపితే కొన్ని ఊళ్లకు ఇంకో జవాబు రావచ్చు. జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి ఎత్తుకుని బయల్దేరిన తల్లి రాష్ట్రం గీత చూసుకుని నడవదు కదా. గజపతి, రాయగడ, గంజాం, కోరాపుట్ జిల్లాల తెలుగువాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. అయినా మనకు దొరికే డేటా రాష్ట్రాలవారీగానే వస్తుంది. జీఐఎస్ (సమాచారాన్ని కంప్యూటర్‌లో మ్యాపుకు జోడించి విశ్లేషించే పద్ధతి) పాఠాలు కూడా చాలావరకు రాష్ట్రం హద్దు వరకు మ్యాపును కత్తిరించమనే నేర్పుతాయి.

అందుకని ఇక్కడ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడాన్ని, హద్దు దాటి ఆలోచించడాన్ని విడదీయకుండా చెబుతాను. మీరు బరంపురంలోనో కోరాపుట్‌లోనో ఎంఏ, పీహెచ్‌డీ చేస్తున్నా, గుణుపురం దగ్గర ఏదైనా స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నా ఇది పనికొస్తుంది. కంప్యూటర్‌లో ఎక్సెల్ వరకు వస్తే చాలు.

మొదట: ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

జీఐఎస్ నేర్చుకుందామని కూర్చున్నవాళ్లలో చాలామంది బటన్ల దగ్గరే అలిసిపోతారు. చేతిలో ప్రశ్న ఉంటే ఏ బటన్ కావాలో, ఏది అక్కర్లేదో దానంతటదే తేలుతుంది. ఆ వాక్యంలో నాలుగు సంగతులు ఉండాలి: ఏ ప్రాంతం, ఏ యూనిట్, ఏం కొలుస్తున్నాం, ఎప్పటి డేటా. యూనిట్ అంటే ఊరా, పంచాయతీయా, బ్లాకా అన్నది.

ఈ వ్యాసం మొత్తానికి మనం పట్టుకునే వాక్యం ఇది: "గజపతి జిల్లా కాశీనగర్, గోసాని బ్లాకుల్లో 2011 జనగణన జాబితాలో ఉన్న ఒక్కో ఊరికి, ఇప్పుడున్న ఆరోగ్య కేంద్రాల్లో, అది ఏ రాష్ట్రానిదైనా సరే, అన్నిటికంటే దగ్గరిది ఎన్ని కిలోమీటర్లు?"

"ఏ రాష్ట్రానిదైనా సరే" అన్న ముక్క మీద శ్రద్ధ పెట్టండి. దాని వల్ల ఒక పని అదనంగా పడుతుంది. జీఐఎస్‌లో ఒక్కో రకం సమాచారాన్ని ఒక్కో పొరగా, అంటే లేయరుగా, మ్యాపు మీద పరుస్తారు. ఊళ్ల లేయరు రెండు బ్లాకుల వరకు ఉంటే సరిపోతుంది, కానీ ఆరోగ్య కేంద్రాల లేయరు ఆ బ్లాకుల చుట్టూ ఇంకో 20 కిలోమీటర్ల దాకా ఉండాలి. లేకపోతే అంచున ఉన్న ఊళ్లన్నీ అసలు కంటే దూరంగా, వెనకబడినట్టు కనిపిస్తాయి. దీన్ని ఎడ్జ్ ఎఫెక్ట్ అంటారు. సరిహద్దు జిల్లాల మీద వచ్చే రిపోర్టుల్లో ఈ లోపం ఉందేమో చూడటం మీకు అలవాటు కావాలి.

రెండు: సాఫ్ట్‌వేర్, ఫోల్డర్లు

క్యూజీఐఎస్ (QGIS) అనే జీఐఎస్ సాఫ్ట్‌వేర్ వాడండి. 2002లో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇది. పైసా కట్టక్కర్లేదు, లైసెన్సు అయిపోతుందన్న టెన్షన్ ఉండదు. డౌన్‌లోడ్ పేజీలో "లాంగ్ టర్మ్ రిలీజ్" అని ఉన్న వెర్షన్ తీసుకోండి. ఫైలు పెద్దది కాబట్టి మంచి వైఫై ఉన్నచోట దించుకుని పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి, పక్కవాళ్లకూ పనికొస్తుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు లాప్‌టాప్ చాలు. ప్రాజెక్టు మధ్యలో వెర్షన్ మార్చకండి.

మూడు ఫోల్డర్లు పెట్టుకోండి: ముడి డేటా, పని, ఫలితాలు. ముడి డేటా ఫోల్డర్లోని ఫైలును ఎప్పుడూ తెరిచి సరిదిద్దవద్దు, కాపీ తీసుకుని పని ఫోల్డర్లో దిద్దండి. పక్కన ఒక నోట్స్ ఫైలు ఉంచి, ఏ ఫైలు ఎక్కడి నుంచి ఏ తేదీన దించారో రాస్తూ ఉండండి. థీసిస్ చివర్లో గైడు అడిగినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

డేటా చాలాచోట్ల షేప్‌ఫైల్ అనే మ్యాపు ఫైలు రూపంలో దొరుకుతుంది. అది ఒక ఫైలు కాదు, ఒకే పేరుతో ఉన్న నాలుగైదు ఫైళ్ల గుంపు. వాట్సాప్‌లో ఒక్కటే పంపితే అవతల తెరుచుకోదు. పైగా అందులో కాలమ్ పేరు 10 అక్షరాలకు మించకూడదు, తెలుగు, ఒడియా అక్షరాలు చెదిరిపోయే ప్రమాదమూ ఉంది. అందుకని తెరిచిన వెంటనే ఎక్స్‌పోర్ట్ కొట్టి జియోప్యాకేజ్ అనే ఇంకో రకం ఫైలుగా సేవ్ చేసుకోండి. ఎన్ని లేయర్లున్నా ఒకే ఫైలులో ఇముడుతాయి, ఇంగ్లీషు, తెలుగు, ఒడియా మూడు లిపులూ నిలుస్తాయి.

మూడు: డేటా ఎక్కడ దొరుకుతుంది

జనాభా, అక్షరాస్యత, పనిచేసేవాళ్ల లెక్కలకు 2011 జనగణన ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్. ఊళ్లో బడి, ఆసుపత్రి, బస్సు ఉన్నాయా లేదా అన్నదానికి అదే జనగణన విలేజ్ డైరెక్టరీ. రెండూ జనగణన శాఖ వెబ్‌సైట్లో ఉచితం. తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని రిఫరెన్స్ తేదీగా ప్రకటించారు. కాబట్టి ఊరి స్థాయి లెక్కలకు ఇంకొంతకాలం 2011వే ఆధారం. పాఠకులకు ఆ మాట మ్యాపు మీదే చెప్పండి.

1991, 2001, 2011 జనగణనలను ఒకదానితో ఒకటి పోల్చాలంటే ష్రగ్ (SHRUG) అనే డేటాసెట్ చూడండి. ఊళ్లు విడిపోయినా కలిసినా లెక్క తప్పకుండా వాళ్లు ఒకే యూనిట్లుగా కూర్చి పెట్టారు. ఊళ్ల హద్దులు కొన్ని రాష్ట్రాలకు డేటామీట్ బృందం దగ్గరా దొరుకుతాయి.

మన ప్రశ్నకు అన్నిటికంటే పనికొచ్చేది ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన (పీఎంజీఎస్‌వై) వాళ్ల జియోసడక్. గ్రామీణ రోడ్లు, ఆవాసాలు, ఆసుపత్రి, బడి, సంత లాంటి సౌకర్యాల పాయింట్లు అందరూ దించుకునేలా 2022లో విడుదల చేశారు. రోడ్ల కోసం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఎవరైనా చేర్చగలిగే ఉచిత ఆన్‌లైన్ మ్యాపు) కూడా తీసుకోండి. క్యూజీఐఎస్‌లో క్విక్‌ఓఎస్‌ఎం అనే ప్లగిన్ (అదనంగా జోడించుకునే చిన్న ప్రోగ్రాం) వేసుకుంటే కావలసిన ముక్క వరకే దించుకోవచ్చు. కొండల ఎత్తుపల్లాలకు ఎస్ఆర్‌టీఎం డేటా (ఒక్కో గడి 30 మీటర్లు), పంటలకూ అడవికీ సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు (ఒక్కో గడి 10 మీటర్లు), మన దేశపు నేపథ్య మ్యాపులకు ఇస్రో భువన్.

ఒడిశా, ఆంధ్ర రెండింటికీ విడివిడిగా దించుకోండి. ఇక్కడే మూడు తిరకాసులు ఎదురవుతాయి, ముందే తెలిసి ఉంటే మంచిది.

మొదటిది, జిల్లాలు మారాయి. 2011 ఫైల్లో భామిని శ్రీకాకుళం జిల్లాలో ఉంటుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లా. 2011 ఫైల్లో తెలంగాణ కూడా ఆంధ్రప్రదేశ్‌లోనే కలిసి ఉంటుంది. ఇటువైపు గజపతి, రాయగడ, మల్కన్‌గిరి జిల్లాలు 1992 అక్టోబరు 2న వచ్చాయి కాబట్టి 1991 లెక్కల్లో ఆ పేర్లే కనిపించవు. గజపతిని గంజాంలో, రాయగడను కోరాపుట్‌లో వెతకాలి. ఒరిస్సా పేరు ఒడిశాగా మారింది 2011 నవంబరులో, అంతకుముందు తయారైన ఫైళ్లలో పాత పేరే ఉంటుంది.

రెండోది, యూనిట్లు ఒకటి కావు. 2011 జనగణనలో ఊరికీ జిల్లాకూ మధ్య ఉండే ఉప జిల్లా ఆంధ్రలో మండలం, ఒడిశాలో పోలీస్ స్టేషన్ పరిధి. బ్లాకు కాదు, తహసీలూ కాదు. రెండు రాష్ట్రాల ఉప జిల్లాలకు పక్కపక్కనే రంగులేసి పోలిస్తే, మనిషి జీవితంలో ఉన్న తేడా ఎంతో, గీతలు గీసిన తీరు వల్ల వచ్చిన తేడా ఎంతో విడదీయలేం. వీలైనంతవరకు ఊరి స్థాయిలోనే పని చేయండి.

మూడోది కొటియా. కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకూ, అటు సాలూరు మండలానికీ మధ్య ఉన్న కొటియా గ్రామాల మీద రెండు రాష్ట్రాలకూ దశాబ్దాలుగా వివాదం ఉంది. ఆ ప్రాంతం మీ అధ్యయనంలోకి వస్తే అవే ఊళ్లు రెండు జాబితాల్లో వేర్వేరు పేర్లతో, కోడ్లతో ఉన్నాయేమో చూసుకోండి, జనాభా రెండుసార్లు కలిసిపోకూడదు. మ్యాపు మీద ఆ భాగాన్ని గళ్లతో చూపించి, వివాదంలో ఉందని కింద రాయండి. ఎవరి పక్షమూ పట్టకుండా గీయడం పరిశోధకుల బాధ్యత.

నాలుగు: అక్షాంశ రేఖాంశాలు, 84 డిగ్రీల గీత

ఇది అర్థం కాకుండా ముందుకు వెళ్లవద్దు. కొంచెం నిదానంగా చదవండి.

మొబైల్ జీపీఎస్ ఇచ్చే అంకెలు డిగ్రీల్లో ఉంటాయి. క్యూజీఐఎస్ దాన్ని ఈపీఎస్‌జీ 4326 అంటుంది. ఈపీఎస్‌జీ అంటే ఒక్కో కొలత పద్ధతికి ఇచ్చిన కోడ్ నంబరు. ఊరు ఎక్కడుందో చెప్పడానికి అది బాగుంటుంది, దూరం కొలవడానికి పనికిరాదు. మన ప్రాంతంలో ఒక డిగ్రీ ఉత్తర దక్షిణాలుగా సుమారు 111 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 105 కిలోమీటర్లు. ఈ లేయరు మీద 5 కిలోమీటర్ల బఫర్ (పాయింటు చుట్టూ అంత దూరం వరకు గీసే వృత్తం) కావాలని 5 కొడితే సాఫ్ట్‌వేర్ దాన్ని 5 డిగ్రీలుగా తీసుకుంటుంది. పర్లాకిమిడి చుట్టూ గీసిన ఆ వృత్తంలోకి ఇటు భువనేశ్వర్, అటు విజయవాడ రెండూ వచ్చేస్తాయి.

కాబట్టి కొలతలకు ముందు లేయరును మీటర్లలో ఉండే పద్ధతికి మార్చాలి. దానికి యూటీఎం వాడతారు. యూటీఎంలో భూమిని 6 డిగ్రీల వెడల్పు పట్టీలుగా కోశారు. 78 నుంచి 84 డిగ్రీల వరకు 44వ జోన్, 84 నుంచి 90 వరకు 45వ జోన్. ఆ 84 డిగ్రీల గీత సరిగ్గా మన మధ్య నుంచే పోతుంది. గుణుపురం, కాశీనగర్ 84కు పడమర, పర్లాకిమిడి 84కు తూర్పు. అంటే ఒకే జిల్లాలో కాశీనగర్ 44వ జోన్‌లో, జిల్లా కేంద్రం పర్లాకిమిడి 45వ జోన్‌లో ఉన్నాయి. నెట్‌లో దొరికిన పాఠం చూసి కొన్ని లేయర్లు 44లో, కొన్ని 45లో పెట్టుకుంటే మ్యాపు చూడ్డానికి బాగానే ఉంటుంది, క్యూజీఐఎస్ వాటిని తెరమీద సర్ది చూపిస్తుంది. లెక్క మొదలుపెట్టాకే అంకెలు అడ్డదిడ్డంగా వస్తాయి.

చేయాల్సింది ఇది. మీ అధ్యయన ప్రాంతంలో ఎక్కువ భాగం ఏ జోన్‌లో ఉందో చూసి, మొత్తానికి ఆ ఒక్కటే వాడండి. రాయగడ జిల్లా పని అయితే ఈపీఎస్‌జీ 32644. పర్లాకిమిడి, మోహన, బరంపురం వైపు అయితే 32645. మన కాశీనగర్, గోసాని ప్రశ్నకు ఏది తీసుకున్నా పర్వాలేదు, గీతకు అవతల కొద్ది దూరం వెళ్లినంత మాత్రాన కిలోమీటరుకు ఒక మీటరులోపే తేడా వస్తుంది. ఒకటి ఎంచుకున్నాక వదలకపోవడమే ముఖ్యం. ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో "రీప్రాజెక్ట్ లేయర్" తెరిచి ఒక్కో లేయరునూ మార్చి సేవ్ చేయండి. "సెట్ లేయర్ సీఆర్ఎస్" జోలికి పోకండి, అది అంకెలను మార్చదు, లేబుల్ మాత్రం మార్చేస్తుంది.

పాయింట్లు ఎక్కించేటప్పుడు మరో రెండు జాగ్రత్తలు. ఎక్స్ అంటే రేఖాంశం, మనకు 82 నుంచి 86 మధ్య ఉండాలి. వై అంటే అక్షాంశం, 18 నుంచి 21 మధ్య ఉండాలి. తారుమారైతే మీ ఊరు ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది, అది వెంటనే కనబడుతుంది. కంటికి దొరకని తప్పు ఇంకోటుంది. పాత రికార్డుల్లో పర్లాకిమిడి 18°46′, 84°05′ అని డిగ్రీలు, నిమిషాల్లో ఉంటుంది. దాన్ని 18.46, 84.05 అని టైపు చేస్తే పాయింటు నరసన్నపేట ప్రాంతంలో పడుతుంది. ఊరు ఊరిలాగే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. నిమిషాలను 60తో భాగించాలి: 46ను భాగిస్తే 0.767, 5ను భాగిస్తే 0.083. సరైన అంకెలు 18.767, 84.083.

అయిదు: పట్టికను మ్యాపుకు కలపడం

జనాభా పట్టిక ఒకచోట, ఊళ్ల హద్దులు ఇంకోచోట ఉంటాయి. వాటిని జాయిన్ చేయాలి, అంటే ఉమ్మడి కాలమ్ ఆధారంగా కలపాలి. లేయర్ ప్రాపర్టీస్‌లో జాయిన్స్ తెరిచి, రెండింట్లోనూ ఉన్న కాలమ్ చూపిస్తే అయిపోతుంది. బటన్ నొక్కడం తేలికే, కష్టమంతా ఆ కాలమ్ దగ్గర ఉంది.

పేర్లతో జాయిన్ చేయకండి. ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒక్కో ఫైల్లో ఒక్కోలా ఉంటుంది, ఒకే పేరున్న ఊళ్లు ఒక్కో బ్లాకులో నాలుగైదు ఉండొచ్చు. ఊళ్లే కాదు, రాయగడ అనే బ్లాకు రాయగడ జిల్లాలో ఒకటి ఉంది, గజపతి జిల్లాలో ఇంకోటి ఉంది. చంద్రపూర్ అని వెతికితే రాయగడ జిల్లా బ్లాకు బదులు మహారాష్ట్ర జిల్లా రావచ్చు. జనగణన 2011 గ్రామ కోడ్ ఆరు అంకెలది, దానితోనే జాయిన్ చేయండి. పంచాయతీ శాఖ ఎల్‌జీడీ (లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ) కోడ్ వేరే జాబితా, రెండూ కలిపేయవద్దు.

సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టిక) నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే కోడ్ల ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఉప జిల్లా కోడ్లు సున్నాతోనే మొదలవుతాయి కాబట్టి అక్కడ దెబ్బ తగులుతుంది. ఎక్సెల్‌లో డేటా ట్యాబ్ నుంచి ఇంపోర్ట్ చేసి, ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టండి. సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోండి, తెలుగు, ఒడియా అక్షరాలు చెదరవు.

జాయిన్ అయ్యాక అట్రిబ్యూట్ టేబుల్ (లేయరు వెనకున్న పట్టిక) తెరిచి ఎన్ని వరసలు ఖాళీగా మిగిలాయో లెక్కపెట్టండి. మిగిలినవాటిని ఒక్కొక్కటే చూడండి. మనుషులు లేని ఊరైతే జనాభా సున్నా ఉంటుంది, అది ఖాళీ కాదు. సున్నాకూ ఖాళీకీ తేడా చెరిపేస్తే ఆ తర్వాత లెక్కలన్నీ తప్పుతాయి.

ఆరు: ఊరి మధ్య బిందువు ఎక్కడ?

దూరం కొలవాలంటే ఊరిని ఒక బిందువు చేయాలి. సాధారణంగా "సెంట్రాయిడ్స్" టూల్ వాడి హద్దు మధ్యలో బిందువు పెడతారు. కోస్తా పల్లెల్లో అది చెల్లుతుంది. మన కొండ ప్రాంతంలో రెవెన్యూ గ్రామం హద్దులో సగం కొండా అడవీ ఉండొచ్చు, జనం ఒక వారన లోయలో ఉంటారు. పుట్టాసింగి వైపు సవర ఊళ్లనో, బిస్సంకటక్ పైన డోంగ్రియా కోంధుల గూడేలనో తీసుకోండి. ఒక గ్రామం పేరు కింద విడివిడిగా కొన్ని గూడేలు ఉంటాయి, సెంట్రాయిడ్ వాటిలో దేనిమీదా పడకపోవచ్చు.

అందుకని జియోసడక్‌లోని ఆవాసాల పాయింట్లు వాడండి. అవి లేనిచోట శాటిలైట్ చిత్రం మీద ఇళ్ల గుంపు చూసి మీరే చుక్క పెట్టండి, లేదా గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ డేటాతో ఇళ్లు ఎక్కడున్నాయో గుర్తించండి. పని పెరుగుతుంది, కానీ ఇందులో కక్కుర్తి పడితే అన్యాయం జరిగేది ఆ గూడేలకే. ఊరి జనాభా అంతా రోడ్డు పక్కన ఉన్న పెద్ద వీధికి లెక్క కట్టేసి, కొండ మీది గూడేన్ని మ్యాపు నుంచి తుడిచేసినట్టవుతుంది.

మీరే ఫీల్డుకు వెళ్లి పాయింట్లు తీసుకునేట్టయితే కోబోకలెక్ట్ గానీ, క్యూఫీల్డ్ గానీ, ఈ సర్వే యాప్‌లలో ఒకటి ఫోనులో వేసుకోండి. రెండూ సిగ్నల్ లేకుండా పనిచేస్తాయి. పాయింటు తీసేటప్పుడు తెర మీద ఖచ్చితత్వం మీటర్లలో కనబడుతుంది, 10 లోపుకు దిగేదాకా ఆరుబయట నిలబడండి. చెట్ల కింద, లోయల్లో ఆలస్యమవుతుంది. రోగుల ఇళ్ల పాయింట్లు తీసుకుంటే అనుమతి అడిగి తీసుకోండి, ఆ పాయింట్లను ఎప్పుడూ బయటి మ్యాపుల్లో పెట్టకండి. జనం పవిత్రంగా చూసుకునే కొండ, గుడి, మందు మొక్కలు దొరికే చోటు కూడా అంతే, ఊరు ఒప్పుకుంటేనే మ్యాపులోకి రావాలి.

ఏడు: దూరం లెక్కించడం

మొదట నేరు దూరం చూడండి. టూల్‌బాక్స్‌లో "డిస్టెన్స్ టు నియరెస్ట్ హబ్" తెరవండి. సోర్స్ దగ్గర ఊళ్ల పాయింట్లు, హబ్ దగ్గర ఆరోగ్య కేంద్రాలు, యూనిట్ దగ్గర కిలోమీటర్లు పెట్టి రన్ చేయండి. ప్రతి ఊరికీ దగ్గరి కేంద్రం పేరు, దూరం కొత్త కాలమ్‌లలో వస్తాయి.

ఇప్పుడు దీన్ని రెండుసార్లు నడపండి. ఒకసారి ఒడిశా కేంద్రాలు మాత్రమే ఉన్న లేయరుతో, రెండోసారి రెండు రాష్ట్రాలవీ కలిసి ఉన్న లేయరుతో. ఫీల్డ్ క్యాలిక్యులేటర్‌లో మొదటి దూరం నుంచి రెండోది తీసేయండి. తేడా సున్నా వచ్చిన ఊళ్లకు సరిహద్దుతో నిమిత్తం లేదు. తేడా ఎక్కువ వచ్చిన ఊళ్లు ఏ గీత వెంట వరసగా ఉన్నాయో చూడండి. ఈ ఒక్క కాలమ్‌లోని అంకెలే మీ పరిశోధనకు అసలు విషయం కావచ్చు. ఆంధ్ర వైపు ఊళ్లకూ ఇదే తిప్పి చేయండి. పాతపట్నం, మెళియాపుట్టి మండలాల్లో కొన్ని ఊళ్లకు పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రి దగ్గర కావచ్చు.

నేరు దూరం పక్షికి సరిపోతుంది, మనిషికి రోడ్డు కావాలి. వంశధార ఒడ్డున ఉన్న ఊరికి అవతలి ఒడ్డు మ్యాపు మీద దగ్గరే అయినా, వంతెన దాకా వెళ్లి తిరిగి రావాలి. అందుకే రెండో విడతలో రోడ్ల మీద లెక్కించండి. క్యూజీఐఎస్‌లోనే నెట్‌వర్క్ అనాలిసిస్ కింద "సర్వీస్ ఏరియా" (ఒక చోటు నుంచి రోడ్డు మీద ఇంత దూరంలో చేరగల ప్రాంతం), "షార్టెస్ట్ పాత్" (అతి దగ్గరి దారి) ఉన్నాయి. ఓఆర్ఎస్ (ఓపెన్‌రూట్‌సర్వీస్) టూల్స్ ప్లగిన్ వేసుకుని ఉచిత కీ తీసుకుంటే ప్రయాణ సమయం కూడా వస్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గూడేలకు పోయే కాలిబాటలు చాలా లేవు కాబట్టి అక్కడ వచ్చిన అంకెను నమ్మే ముందు శాటిలైట్ చిత్రంలో దారి చూడండి. వానాకాలంలో వాగు పొంగితే మూసుకుపోయే దారులు ఉంటే వాటిని తీసేసి ఇంకోసారి నడపండి. ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా ఆ రెండో మ్యాపే నిజమైన మ్యాపు.

వచ్చిన ఫలితాన్ని ఎలా సరిచూసుకోవాలి? విలేజ్ డైరెక్టరీలో ఊళ్లో లేని సౌకర్యం ఎంత దూరంలో ఉందో ఎ, బి, సి అని రాశారు. ఎ అంటే 5 కిలోమీటర్లలోపు, బి అంటే 5 నుంచి 10, సి అంటే 10 పైన. మీ అంకెలను ఆ అక్షరాలతో పోల్చండి. మీకు 12 కిలోమీటర్లు వచ్చిన ఊరికి అక్కడ ఎ ఉంటే, కొత్తగా కేంద్రం వచ్చిందా, మూతబడిందా, లేక పాయింటు తప్పా అని వెతకాల్సి ఉంటుంది.

ఇంకో మాట. దగ్గరగా ఉండటం వేరు, అక్కడ వైద్యం అందడం వేరు. ఆంధ్రలో ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, ఆ రాష్ట్ర కుటుంబాలకు, ఒడిశా పథకాలు ఇక్కడి కుటుంబాలకు. ఓపీ చూపించుకోవడానికి అడ్డు లేకపోయినా ఆపరేషన్ దగ్గర కార్డు అడుగుతారు. మ్యాపు చెప్పలేని ఈ సంగతిని ఇంటర్వ్యూలతో పట్టుకుని మ్యాపు పక్కనే రాయండి.

కేంద్రాలు చాలినన్ని ఉన్నాయా అని చూడాలంటే జనాభా ప్రమాణం తీసుకోండి. మైదానంలో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5,000 మందికి ఒక ఉపకేంద్రం. కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000కు, 3,000కు ఒకటి. గజపతి, రాయగడ రెండింట్లోనూ 2011 లెక్కల ప్రకారం జనాభాలో సగానికి పైగా గిరిజనులే కాబట్టి రెండో ప్రమాణంతో చూడండి.

ఎనిమిది: గుంపులు ఉన్నాయా, కంటి భ్రమా?

దూరంగా ఉన్న ఊళ్లన్నీ ఒకచోట చేరాయని మ్యాపు చూస్తే అనిపిస్తుంది. అది నిజమో కాదో తేల్చడానికి జియోడా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మీ జియోప్యాకేజ్‌ను అందులో తెరిచి, ముందు వెయిట్స్ తయారుచేయండి, అంటే ఏ ఊరికి ఏది పొరుగో చెప్పడం. తర్వాత మోరాన్స్ ఐ (పొరుగు ఊళ్ల విలువలు ఎంతవరకు ఒకేలా ఉన్నాయో చెప్పే సూచిక) లెక్కించండి. 1కి దగ్గరైతే ఒకే రకం ఊళ్లు పక్కపక్కన ఉన్నట్టు, 0 దగ్గరుంటే చెల్లాచెదురుగా ఉన్నట్టు. లోకల్ మోరాన్ మ్యాపులో ఏ గుంపు ఎక్కడుందో కూడా కనిపిస్తుంది. ఇక్కడ కూడా పొరుగును రాష్ట్రం గీత దగ్గర తెంపకండి, ఆంధ్ర ఊళ్లను లేయర్లో ఉంచే వెయిట్స్ చేయండి.

తొమ్మిది: మ్యాపును చదివేలా గీయడం

రంగులేసే ముందు మొత్తం అంకెలను శాతంగానో, ఇంతమందికి ఇన్ని అనో మార్చండి. మొత్తం జనాభాకు రంగులేస్తే పెద్ద ఊరు ముదురుగా కనిపించడం తప్ప ఏమీ తెలియదు. క్లాసులు అయిదుకు మించకపోతే మేలు. "ఈక్వల్ కౌంట్" పెట్టి ఒకసారి, "నేచురల్ బ్రేక్స్" పెట్టి ఒకసారి చూడండి, అవే అంకెలు వేరే కథ చెబుతాయి. దూరానికైతే నేను 3, 5, 10 కిలోమీటర్ల దగ్గర చేత్తో కోస్తాను, ఆశా కార్యకర్తకూ బీడీఓకూ ఒకేలా అర్థమవుతుంది.

పేర్లకు మూడు కాలమ్‌లు ఉంచుకోండి: ఇంగ్లీషు, తెలుగు, ఒడియా. లేబుల్ ఫాంటు నోటో సాన్స్ తెలుగు పెట్టండి. ఒత్తులు విడిపోయి కనిపిస్తే డేటా పాడైనట్టు కాదు, ఫాంటు మార్చాలి. ఊరి మీటింగుకు తీసుకెళ్లే కాపీలో తెలుగు, ఒడియా రెండూ ఉంటే పెద్దవాళ్లు తమ ఊరిని తామే వెతుక్కుంటారు. స్కేలు, డేటా సంవత్సరం, ఎక్కడి డేటా, ఏ తేదీన గీశారు అన్నవి మ్యాపు మీదే ఉండాలి.

ఆ తర్వాత ఏ2 కాగితం మీద ప్రింటు తీసి రెండు మూడు ఊళ్లకు పట్టుకెళ్లండి. ఆశా దీదీని, వార్డు మెంబరును, ఆటో నడిపేవాళ్లను కూర్చోబెట్టి, "కాన్పు కష్టమైతే ఏ దారిన ఎక్కడికి వెళ్తారు?" అని అడిగి స్కెచ్‌పెన్‌తో గీయమనండి. మీ సర్వీస్ ఏరియాకు, వాళ్లు గీసిన దారికి తేడా ఎక్కడొచ్చిందో అక్కడ మళ్లీ లెక్క చేయాలి.

ఇంకా ముందుకు పోవాలనుకుంటే

డెహ్రాడూన్‌లోని ఐఐఆర్ఎస్ ఇస్రో సంస్థ, రిమోట్ సెన్సింగ్, జీఐఎస్ మీద ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది. క్యూజీఐఎస్ వెబ్‌సైట్లో ట్రైనింగ్ మాన్యువల్ ఉంది. ఒకే పనిని పది బ్లాకులకు చేయాల్సి వచ్చినప్పుడు ప్రోగ్రామింగ్ భాషలైన ఆర్‌లో ఎస్ఎఫ్ ప్యాకేజీ, లేదా పైథాన్‌లో జియోపాండాస్ మొదలుపెట్టండి, అంతకుముందు అక్కర్లేదు. పదేళ్లలో అడవి ఎంత తగ్గింది లాంటి ప్రశ్నలకు గూగుల్ ఎర్త్ ఇంజిన్ పరిశోధకులకు ఉచితం.

ఊళ్లో గీయించిన కాలిబాటలు, వంతెనలు మీ లాప్‌టాప్‌లోనే ఉండిపోకూడదు. ఊరివాళ్లు సరేనంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఖాతా తెరిచి వాటిని చేర్చండి, తర్వాత వచ్చే విద్యార్థికి రోడ్ల లెక్క సరిగ్గా వస్తుంది. గూడెం పేరును తెలుగులో "నేమ్:టీఈ" (name:te) అన్న గడిలో, ఒడియాలో "నేమ్:ఓఆర్" (name:or) అన్న గడిలో రాయండి. అప్పటికే ఎవరైనా రాసిన పేరుంటే దాన్ని కొట్టేయకుండా మీది పక్కన చేర్చండి.